సిబిల్ కడిగిస్తామని వచ్చేవాళ్లు మన తెలుగే మాట్లాడతారు

పోయినసారి పిల్లల తెలుగు చదువు గురించి రాసుకున్నాం. ఈసారి పైసల గురించి. రాత కొంచెం పొడుగైంది. తీరిక చేసుకొని చదవండి. ఇంట్లో చదవలేని పెద్దవాళ్లుంటే చదివి వినిపించండి, ముఖ్యంగా బచత్ గట్‌లో ఉన్న అక్కలకు, వదినెలకు.

మన షోలాపూర్ పూర్వ భాగంలో కరెంటు స్తంభాల మీద, గోడల మీద చిన్న కాగితాలు అంటించి ఉంటాయి. 'సిబిల్ ఖరాబా? లోన్ గ్యారంటీ.' కింద ఒక ఫోన్ నంబరు. పేరుండదు, ఆఫీసు చిరునామా ఉండదు. గోడ మీద మరాఠీలో ఉన్న ఆ మాటే మన వాట్సాప్ గ్రూపుల్లోకి వచ్చేసరికి తెలుగులోకి మారుతుంది. 'మనవాళ్లకే చేసి పెడుతున్నాం, బయటివాళ్లకు చెప్పకండి' అన్న తోక ఒకటి తగులుతుంది. ఆ తోక చూసే మనవాళ్లు మెత్తబడుతున్నారు.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. మీ లెక్కలో ఉన్న మచ్చ నిజమైనదైతే, పైసలు తీసుకొని దాన్ని తుడిచేవాడు ఈ దేశంలో ఎవడూ లేడు. అది అబద్ధపు మచ్చ అయితే, పైసా ఖర్చు లేకుండా మీరే తీయించుకోవచ్చు. ఈ రెండింటి మధ్య ఏజెంటుకు చోటే లేదు. ఐనా వాడికి చోటు దొరుకుతోందంటే, అది మనం సిగ్గుపడి నోరు మూసుకోవడం వల్ల దొరికిన చోటు. దాన్ని మూసేసే పని సంఘం చేతిలో ఉంది.

అసలు మనవాళ్ల లెక్కలు ఎలా చెడుతున్నాయో ముందు చూద్దాం. ఇక్కడి తెలుగు ఇళ్లు రెండు పనుల మీద నిలబడ్డాయి. మగవాళ్లకు పవర్‌లూమ్ కార్ఖానా, ఆడవాళ్లకు బీడీలు. రెండింటిలోనూ చేసినంతకే కూలి. చద్దర్లకు, టవల్లకు గిరాకీ తగ్గితే కార్ఖానాలో పని తగ్గుతుంది. ఆకు సరిగా రాకపోతే చుట్టే బీడీలు తగ్గుతాయి. హప్తా మాత్రం తగ్గదు. వారానికో, నెలకో చెప్పిన రోజుకు వచ్చి నిలబడుతుంది. రాబడి ఎగుడుదిగుడుగా, కట్టుబడి గీత గీసినట్టుగా ఉన్నప్పుడు ఏదో ఒక నెల తప్పుతుంది. దీన్ని ఎవరూ దొంగతనం అనరు.

ఇంకొందరికి 2020 నాటి దెబ్బ ఇంకా మానలేదు. ఆ ఏడాది మార్చి నుంచి ఆగస్టు దాకా ఆరు నెలలు హప్తాలు ఆపుకోవచ్చని రిజర్వు బ్యాంకు వెసులుబాటు ఇచ్చింది. ఆపుకోవడం అంటే మాఫీ అనుకున్నవాళ్లు మనలో చాలామంది. ఆ నెలలకు కూడా వడ్డీ నడిచిందని, మిగిలిన బాకీ పెరిగిందని వాళ్లకు తెలుగులో చెప్పినవాడు లేడు. తరువాత ఎప్పుడో ఇంటి కర్జు కోసం బ్యాంకుకు వెళితే 'మీ సిబిల్ బాగలేదు' అని కాగితం వెనక్కి వచ్చింది.

మేము చూసినవాటిలో ఎక్కువ బాధ పెట్టేది మూడో రకం. తాము ముట్టని పైసలకు పేరు పోగొట్టుకున్నవాళ్లు. మరిది ఫోన్ కొనుక్కుంటే వదినె పేరు మీద హప్తాలు. పక్కింటామెకు అవసరమని గట్‌లో తన పేరు మీద కర్జు తీసి ఆమె చేతిలో పెట్టడం. కార్ఖానాలో పక్క మగ్గం మనిషికి పత్‌సంస్థలో జామీన్‌దార్‌గా సంతకం. పేరు అరువివ్వడం మనలో మర్యాదగా చెలామణీ అవుతోంది. కాదంటే 'అంత మాత్రం నమ్మకం లేదా' అన్న మాట పడాలి. పైసలు తిన్నవాడు ఊరు మారిపోతాడు, లెక్క మాత్రం సంతకం పెట్టిన పేరు మీద నిలిచిపోతుంది. జామీను అంటే సాక్షి సంతకం కాదు. అవతలివాడు కట్టకపోతే నేను కడతానన్న ఒప్పందం. అది కూడా రిపోర్టులో చేరుతుంది.

ఇక సిబిల్ అంటే ఏమిటి? మనవాళ్లు దాన్ని ఏదో సర్కారీ ఆఫీసు అనుకుంటారు, అక్కడ తెలిసిన మనిషి ఉంటే పని అవుతుందనుకుంటారు. అది సర్కారీ ఆఫీసు కాదు. 2005 నాటి చట్టం కింద, రిజర్వు బ్యాంకు అనుమతితో నాలుగు కంపెనీలు మన కర్జుల లెక్కలు రాసిపెడుతున్నాయి: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, క్రిఫ్ హై మార్క్. మొదటిదాని పేరే అందరి నోళ్లలో పడింది. బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు, గ్రూపు కర్జులిచ్చే మైక్రో ఫైనాన్స్ వాళ్లు పంపిన లెక్కలను బట్టి 300 నుంచి 900 లోపల ఒక అంకె వేస్తారు. 750 దాటితే మంచిదంటారు. ఇందులో గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే. కర్జు ఇచ్చినవాడు ఒప్పుకోనిదే ఆ లెక్కను మార్చడం ఆ కంపెనీల చేతిలో లేదు. లోపల ఎంత పెద్ద మనిషి తెలిసినా అంతే.

ఇది తెలియనివాళ్ల దగ్గరికి ఏజెంట్లు ఎలా వస్తారో చూడండి.

మొదటివాడు 'కడిగేవాడు'. ఐదువేలో పదివేలో తీసుకొని పాత లెక్క తీసేయిస్తానంటాడు. ఆధార్, పాన్, ఫోన్‌కు వచ్చిన ఓటీపీ అడుగుతాడు. వాడు చేసేదల్లా మీ పేరుతో ఆన్‌లైన్‌లో 'ఈ కర్జు నాది కాదు' అని ఫిర్యాదు పెట్టడమే. ఫిర్యాదు నడుస్తున్నన్ని రోజులు ఆ లెక్క పక్కన 'వివాదంలో ఉంది' అని పడుతుంది. అది చూపించి మిగతా సగం పైసలు వసూలు చేస్తాడు. నెల తిరిగేసరికి కర్జు ఇచ్చినవాడు 'లెక్క నిజమే' అని జవాబిస్తాడు, మచ్చ ఎక్కడిది అక్కడే ఉంటుంది. అప్పటికి వాడి ఫోన్ బంద్. మీ ఆధార్, పాన్ మాత్రం వాడి దగ్గరే. వాటితో మీ పేరు మీద ఇంకో కర్జు లేచినా ఆశ్చర్యపోనక్కర్లేదు.

రెండోవాడు 'మంజూరు కాగితం' వాడు. సిబిల్ చూడకుండానే రెండు లక్షలు మంజూరైందని ఒక కాగితం పంపుతాడు. దాని మీద రిజర్వు బ్యాంకు ముద్ర, ముద్ర యోజన పేరు, ఒక్కోసారి ప్రధాని ఫొటో కూడా. ముందు ఫైలు ఛార్జీ అంటాడు, తరువాత జీఎస్టీ అంటాడు, ఆ తరువాత బీమా అంటాడు. ఒక్కోటీ రెండువేలు, మూడువేలు. కర్జు పైసా చేతికి రాకముందే మన బీడీల కూలి రెండు నెలలది పోతుంది. రిజర్వు బ్యాంకు మామూలు మనుషులకు కర్జులివ్వదు. ముద్ర సంస్థ కూడా నేరుగా మనకు పైసలివ్వదు, దానికి ఏజెంట్లు లేరు. ముద్ర కర్జు కావాలంటే బ్యాంకుకో, దాన్ని ఇచ్చే ఫైనాన్స్ సంస్థకో వెళ్లాలి. నిజమైన కర్జుకూ ఖర్చులుంటాయి, కాని అవి కాగితం మీద ముందే రాసి ఉంటాయి. ఏదో ఒక మనిషి పేరున్న యూపీఐకి కొట్టమన్నారంటే అక్కడితో ఆగిపోండి.

మూడోది ఫోన్‌లోని యాప్. సిబిల్ బాగలేకపోయినా ఐదు నిమిషాల్లో పైసలు. ఐదువేలని చెప్పి మూడువేలు చేతికిచ్చి, వారం తిరగకముందే ఐదువేలు కట్టమంటారు. ఫోన్‌లోని నంబర్లు, ఫొటోలు అన్నీ ముందే లాగేసుకుంటారు. ఆలస్యమైతే మన అత్తగారింటికి, వియ్యాలవారికి ఫోన్లు వెళతాయి, మార్చిన ఫొటోలు వెళతాయి. ఆడపిల్లలున్న ఇళ్లలో ఇది ఎంత దూరం పోతుందో వేరే చెప్పాలా?

నాలుగోవాడు మాటల్లో అందరికంటే తియ్యనివాడు. 'అన్నా, నీ బ్యాంకు ఖాతా ఖాళీగా ఉంది, అందుకే సిబిల్ తక్కువ. నీ పాస్‌బుక్, ఏటీఎం కార్డు, సిమ్ము ఇవ్వు. మేము నీ ఖాతాలో పైసలు తిప్పుతాం, స్కోరు లేస్తుంది. నెలకు నీకు ఇంత.' సేవింగ్ ఖాతాలో వచ్చిపోయే పైసలకు, స్కోరుకు సంబంధమే లేదు. స్కోరు కర్జుల లెక్క మీద పడేది. ఆ ఖాతాలో తిరిగేవి ఎక్కడో ఎవరినో మోసం చేసి తెచ్చిన పైసలు. రేపు ఏ రాష్ట్రం పోలీసులో వచ్చి తలుపు కొట్టినప్పుడు ఖాతా ఎవరి పేరు మీద ఉందో వాళ్లనే అడుగుతారు. స్కోరు పెంచుకోబోయి కేసులో ఇరుక్కునే పని ఇది. కాలేజీ పిల్లలున్న ఇళ్లలో దీన్ని గట్టిగా చెప్పండి, వీళ్ల కన్ను ముందు పడేది వాళ్ల మీదే.

ఐదోవాడు 'సెటిల్‌మెంట్' చేయిస్తానంటాడు. లక్ష బాకీ ఉంటే నాకు ముప్పైవేలివ్వు, బ్యాంకు నుంచి మాఫీ కాగితం తెస్తానంటాడు. తెచ్చే కాగితం దొంగది. నిజంగానే బ్యాంకుతో తక్కువకు ఒప్పందం చేసుకున్నా ఒక సంగతి మరువకండి. అలా తీర్చిన కర్జు రిపోర్టులో 'సెటిల్డ్' అని పడుతుంది. పూర్తిగా తీర్చినది 'క్లోజ్డ్' అని పడుతుంది. కొత్తగా కర్జు ఇచ్చేవాడు ఈ రెండింటినీ ఒకేలా చూడడు. గత్యంతరం లేనివాళ్లకు సెటిల్‌మెంట్ కూడా ఒక దారే. అది తెలిసి చేయాలి, నేరుగా బ్యాంకుతోనే చేయాలి, పైసలు కర్జు ఖాతాలోనే పడాలి.

ఇంత తెలివితక్కువగా మనవాళ్లు ఎలా నమ్ముతారని చదువుకున్న మన పిల్లలు అడుగుతుంటారు. ఆ ప్రశ్న మాకు నచ్చదు. ఇక్కడ తెలివి తక్కువేమీ లేదు. మూడు తరాలుగా ఇక్కడ మనం బతికింది మనిషిని చూసి, మాటను చూసి. తెలంగాణ పల్లెల నుంచి మగ్గం పట్టుకొని వచ్చిన తాతలకు మొదటి గది, మొదటి కూలి, మొదటి అప్పు ఇప్పించింది ముందొచ్చిన తెలుగువాడే. బ్యాంకు మెట్లెక్కితే ఇంగ్లీషు కాగితం, మరాఠీ మాట. అదే గల్లీలో ఒకడు 'ఏం పెద్దమ్మా, తిన్నవా' అంటూ వస్తే తలుపు తెరుచుకుంటుంది. ఆ అలవాటు మనల్ని నిలబెట్టింది. మోసగాడు అదే అలవాటును తాళంచెవిగా వాడుకుంటున్నాడు. మన భాష మాట్లాడినంత మాత్రాన వాడు మన మేలు కోరేవాడు కాడు. ఇంకో చేదు మాట కూడా చెప్పాలి. ఈ ఏజెంట్లను ఇళ్లకు తీసుకొచ్చేవాళ్లలో వందకో రెండొందలకో కమీషన్ తీసుకునే మనవాళ్లు ఉన్నారు. వాళ్లలో కొందరికి అది మోసమని తెలియకపోవచ్చు. తెలియనివాళ్లు ఇది చదివాక మానుకోవాలి.

రెండో కారణం సిగ్గు. సిబిల్ పోయిందంటే పరువు పోయిందని మనలో ఒక లెక్క పడిపోయింది. సంబంధాల దగ్గర కూడా గుసగుసలు నడుస్తున్నాయి. అందుకే చాటుగా వచ్చే మనిషి కావాలి, చాటుగా జరిగే పని కావాలి. మోసపోయాక కూడా పోలీసుల దగ్గరికి వెళ్లరు, ఇంట్లోనూ చెప్పరు. ఒకరు దాచిపెట్టడం వల్ల అదే ఏజెంటు అదే గల్లీలో నాలుగో ఇంటికి నిర్భయంగా వెళుతున్నాడు.

ఇక చేయాల్సింది చెప్పుకుందాం. ఇందులో ఏ ఒక్కదానికీ ఏజెంటు అక్కర్లేదు.

మొదట మీ రిపోర్టు మీరు చూసుకోండి. నాలుగు కంపెనీలూ ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నియమం, 2017 నుంచి అమలులో ఉంది. అంటే మూడు నెలలకొకటి చొప్పున ఏడాదిలో నాలుగుసార్లు చూసుకోవచ్చు. మన రిపోర్టు మనం చూసుకుంటే స్కోరు తగ్గదు. పది చోట్ల కర్జుకు అర్జీలు పెడితే తగ్గుతుంది. రిపోర్టులో మీవి కాని కర్జులు, తీర్చేసినా తీరనట్టున్న కర్జులు, తప్పు పేర్లు, తప్పు పాన్ నంబర్లు ఉన్నాయేమో వరుసగా చూడండి.

తప్పు కనబడితే ఆ కంపెనీ వెబ్‌సైటులోనే ఉచితంగా ఫిర్యాదు పెట్టండి. కర్జు ఇచ్చినవాడికి కూడా రాతపూర్వకంగా ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి. 30 రోజుల్లో తేల్చాలి. తేల్చకపోతే ఆ పైన రోజుకు 100 రూపాయల చొప్పున మీకే పరిహారం ఇవ్వాలని 2023 అక్టోబరులో రిజర్వు బ్యాంకు ఉత్తర్వు వచ్చింది, మరుసటి ఏడాది ఏప్రిల్ నుంచి అమలవుతోంది. చూడండి, ఏజెంటు మీ దగ్గర పైసలు తీసుకొని చేస్తానన్న పని ఆలస్యమైతే వాళ్లే మీకు పైసలివ్వాలి. జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు, దానికీ రుసుము లేదు. 14448 నంబరుకు ఫోన్ చేస్తే తెలుగులోనూ దారి చెబుతారు.

మచ్చ నిజమైనదైతే దారి పొడుగు, కాని తిన్ననిది. పాత బాకీ తీర్చండి, లేదా బ్యాంకుతో మాట్లాడి చిన్న హప్తాలు వేయించుకోండి. తీరగానే 'బాకీ లేదు' అన్న పత్రం తీసుకొని ఇంటి కాగితాలతో పాటు దాచండి. బ్యాంకులు లెక్కలను కనీసం పదిహేను రోజులకొకసారి పంపాలన్న నియమం 2025 జనవరిలో అమలులోకి వచ్చింది. కాబట్టి తీర్చిన కర్జు నెలలు గడిచినా తీరనట్టే కనబడితే ఊరుకోకండి. ముందు సెటిల్ చేసుకున్నవాళ్లు మిగిలినది కూడా కట్టగలిగితే, కట్టి 'క్లోజ్డ్' అని మార్చమని రాసి అడగండి.

తరువాత కొత్త చరిత్ర రాసుకోవాలి. చేతిలో పదివేలో పదిహేనువేలో ఉంటే బ్యాంకులో ఫిక్సెడ్ డిపాజిట్ వేసి దాని మీద క్రెడిట్ కార్డు తీసుకోవచ్చు. డిపాజిట్టే హామీ కాబట్టి పాత స్కోరు అంతగా అడ్డురాదు. దాని మీద ఇంటి సరుకులు మాత్రం కొని, బిల్లు వచ్చిన వెంటనే మొత్తం కట్టండి. ఇచ్చిన పరిమితిలో మూడో వంతు కూడా దాటనివ్వకండి. కార్డు వద్దనుకునేవాళ్లకు బ్యాంకులో చిన్న బంగారు కర్జు ఉంది. చెప్పిన రోజుకు కడితే అదీ లెక్కలో పడుతుంది. నడుస్తున్న కర్జుకు సిబిల్ రిపోర్టులో వెనకటి 36 నెలల కట్టుబడి నెలనెలా కనబడుతుంది. ఈ నెల కట్టిన హప్తా ఒక పాత నెలను వెనక్కి నెడుతుంది. వారంలో బాగుచేస్తామనేవాడు అబద్ధమాడుతున్నాడని ఈ ఒక్క లెక్కతోనే తెలుస్తుంది.

అసలు కర్జే తీసుకోనివాళ్లకు స్కోరే ఉండదు. అది చెడ్డ స్కోరు కాదు. కర్జుకు ఇంత స్కోరు ఉండి తీరాలని రిజర్వు బ్యాంకు ఏ అంకే పెట్టలేదు. మొదటిసారి అడిగేవాళ్లను చరిత్ర లేదన్న ఒక్క కారణంతో తిప్పి పంపవద్దని కూడా చెప్పింది. 'నీకు స్కోరు లేదు, ముందు మా దగ్గర స్కోరు తయారు చేయించుకో' అనేవాణ్ణి గుమ్మంలోనే ఆపండి.

ఇక మన సంఘానికి అన్నింటికంటే ముఖ్యమైన విషయం ఒకటుంది. కర్జు వివరాలన్నీ ఒకే చోట రాసిన 'ముఖ్య వివరాల పత్రం' ప్రతి కర్జుదారుకూ ముందే ఇవ్వాలని 2024 ఏప్రిల్‌లో రిజర్వు బ్యాంకు ఆదేశించింది. అసలెంత, వడ్డీ ఎంత, ఇతర ఖర్చులెంత, అన్నీ కలిపి ఏడాదికి ఎంత శాతం పడుతుందో అందులో ఉండాలి. అందులో రాయని ఖర్చును మన ఒప్పుకోలు లేకుండా తరువాత వసూలు చేయకూడదు. ఆ పత్రం కర్జుదారుకు అర్థమయ్యే భాషలో ఉండాలి, వివరించి చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలి. మైక్రో ఫైనాన్స్ వాళ్లు ఇచ్చే లోన్ కార్డు కూడా అంతే. మహారాష్ట్రలో ఉన్నామని మరాఠీ కాగితమే తీసుకోవాలని ఎక్కడా లేదు. మన అక్కలకు అర్థమయ్యే భాష తెలుగైతే తెలుగులోనే అడగవచ్చు. తెలుగు బడుల కోసం ఇన్నేళ్లుగా అర్జీలు రాస్తున్నాం కదా, తెలుగులో కర్జు కాగితం కోసం ఒక్క అర్జీ అయినా రాశామా? భాషను సభల్లో మాత్రమే కాపాడితే సరిపోదు. వేలిముద్ర పడే చోట కూడా అది ఉండాలి.

వసూళ్లకు వచ్చేవాళ్లకూ హద్దులున్నాయి. గ్రూపు కర్జుల వాళ్లు ఉదయం 9 ముందు, సాయంత్రం 6 తరువాత ఫోన్ చేయకూడదు. మిగతా కర్జులకు ఉదయం 8, సాయంత్రం 7. తిట్టడం, బంధువులకు ఫోన్ చేసి పరువు తీయడం తప్పు. యాప్‌లు మన ఫోన్‌లోని నంబర్లను, ఫొటోలను తీసుకోవడానికి వీల్లేదు, కర్జు పైసలు నేరుగా మన బ్యాంకు ఖాతాలోనే పడాలి. అనుమతి ఉన్న సంస్థల తరఫున నడిచే యాప్‌ల పట్టికను 2025 జులై నుంచి రిజర్వు బ్యాంకు తన వెబ్‌సైటులో ఉంచుతోంది. అందులో లేని యాప్‌ను ఫోన్‌లోకి రానివ్వకండి.

ఇంతా విని మన పెద్దల్లో కొందరు ఒక మాట అంటున్నారు. 'ఇవి ఇంటింటి సొంత గొడవలు. సంఘం పని రథోత్సవం, పెళ్లి హాలు, పిల్లల స్కాలర్‌షిప్పులు. అప్పుల జోలికి పోతే రేపు సంఘమే జామీను ఉండాలంటారు.' ఆ భయంలో న్యాయముంది. సంఘం ఎవరికీ అప్పివ్వకూడదు, ఎవరికీ జామీను ఉండకూడదు, ఎవరి కాగితాలూ దాచకూడదు. ఆ గీత దాటితే మేమే ముందు అడ్డుపడతాం. కాని దారి చెప్పడానికీ జామీనుకూ చాలా తేడా ఉంది. నారళీ పున్నమినాడు మార్కండేయ స్వామి రథం వెనక నడిచే జనంలో, మన హాలుకు చందా రాసిన ఇళ్లలో ఈ బాధ పడుతున్నవాళ్లున్నారు. వాళ్లు ఏజెంటుకు పోగొట్టుకునే ఐదువేలు ఒక పిల్లవాడి ఏడాది పుస్తకాలు. అది సంఘం విషయం కాకపోతే మరేది సంఘం విషయం?

అందుకే వచ్చే సర్వసభ్య సమావేశం ముందు మేము నాలుగు మాటలు పెడుతున్నాం.

ఒకటి. ప్రతి ఆదివారం రెండు గంటలు హాలులో ఒక బల్ల వేద్దాం. కామర్స్ చదివిన మన పిల్లలు, బ్యాంకుల్లో చేసి రిటైరైన పెద్దలు కూర్చుంటారు. సభ్యులు తమ ఫోన్‌లోనే, తమ చేత్తోనే రిపోర్టు తీసుకుంటారు. పక్కన కూర్చున్నవాళ్లు చదివి చెబుతారు, అంతే. ఓటీపీ ఎవరూ అడగకూడదు, నకళ్లు ఉంచుకోకూడదు, టీ పైసలు కూడా తీసుకోకూడదు. ఆడవాళ్లకు ఆడవాళ్లే చెప్పేలా చూద్దాం. అక్కడ విన్నది బయట మాట్లాడినవాళ్లను మళ్లీ ఆ బల్ల దగ్గర కూర్చోనివ్వకూడదు.

రెండు. సంఘం గ్రూపుల్లో, హాలు గోడల మీద కర్జు ఏజెంట్ల ప్రకటనలు బంద్. పెట్టినవాళ్లు ఎంత దగ్గరివాళ్లైనా తీసేయాలి. కార్యవర్గంలో ఉన్నవాళ్లు ఎవరైనా కర్జుల కమీషన్ పని చేస్తుంటే ముందే చెప్పాలి.

మూడు. ముఖ్య వివరాల పత్రం తెలుగులో ఇవ్వమని అడిగే అర్జీ నమూనా ఒకటి తెలుగు, మరాఠీ రెండింటిలో అచ్చు వేయించి ప్రతి బచత్ గట్‌కు ఇద్దాం. ఒక్కరు అడిగితే నవ్వుతారు, గట్ మొత్తం అడిగితే వింటారు.

నాలుగు. పేరు అరువిచ్చే అలవాటు గురించి మన సభల్లో బాహాటంగా మాట్లాడుకుందాం. జామీను అడిగినవాళ్లను 'నీ రిపోర్టు చూపించు' అనడం అవమానం కాదని పెద్దల నోట రావాలి. పెద్దలు అంటేనే చిన్నవాళ్లకు ధైర్యం వస్తుంది.

ఇప్పటికే మోసపోయినవాళ్లకు ఒక మాట. పైసలు పోయిన గంటల్లోనే 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే పైసలు మధ్యలో ఆగే ఆశ అంత ఎక్కువ. ఆధార్, పాన్ ఇచ్చినవాళ్లు బ్యాంకులో మీ ఫోన్ నంబరు సరైనదే ఉందేమో చూసుకోండి. మీ రిపోర్టును ఎవరైనా తీస్తే సందేశం పంపాలన్న నియమం ఉంది. నంబరు తప్పైతే ఆ సందేశం మీకు రాదు. అనుమతి లేకుండా పైసల వ్యాపారం చేసేవాళ్ల మీద రిజర్వు బ్యాంకు వారి సచేత్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయవచ్చు. లైసెన్సు లేని వడ్డీ వ్యాపారుల మీద, 2014 నాటి మహారాష్ట్ర చట్టం కింద, సహకార శాఖ నిబంధకుల కార్యాలయంలో అర్జీ ఇవ్వవచ్చు. అర్జీ రాయడం రాకపోతే సంఘం కార్యాలయానికి రండి, రాసిపెడతాం.

భివండీలో, ముంబయిలో ఉన్న మన బంధువులకు కూడా దీన్ని పంపండి. అక్కడా మగ్గాలే, అక్కడా హప్తాలే.

తెలుగులో పరపతి అంటే అప్పు పుట్టే శక్తి, నలుగురిలో ఉన్న మాట విలువ కూడా. మన తాతలు చేతిలో ఏమీ లేకుండా వచ్చి ఈ ఊళ్లో ఆ మాట మీదే బట్ట నేశారు, ఇల్లు కట్టారు. అది నెలనెలా కట్టిన హప్తాతో తిరిగి వస్తుంది. కొంచెం ఓపిక కావాలి, పక్కన నలుగురు కావాలి. ఆ నలుగురం మనమే. ఆదివారం బల్ల గురించి మీరేమంటారో కింద రాయండి. కూర్చోగలిగినవాళ్లు పేర్లివ్వండి.

మీ
సంఘం సభ్యులం, షోలాపూర్